జ్వాలాపురం బూడిద ఎవరి ఆస్తి?

2024 మార్చిలో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. మా టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరంలోని విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ కాపెల్‌మన్, ఆయన సహచరులు కలిసి రాసినది. ఇథియోపియా దేశపు వాయవ్య భాగంలో షిన్ఫా అనే నది ఒడ్డున వాళ్ళు తవ్వకాలు జరిపారు. సుమారు 74,000 ఏళ్ళ క్రితం టోబా అనే మహా అగ్నిపర్వతం పేలిన రోజుల్లో అక్కడి మనుషులు ఎలా బతికారో ఆ తవ్వకాల ఆధారంగా వివరించారు. ఇక్కడి పత్రికలు కూడా ఆ వార్తను బాగానే ప్రచురించాయి.

అయితే ఈ టోబా కథలో మన కర్నూలు సీమకు ఎంత పెద్ద పాత్ర ఉందో మనవాళ్ళలో చాలామందికి తెలియదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. బనగానపల్లె అనగానే మనకి మామిడిపండు గుర్తొస్తుంది. యాగంటి అనగానే పెరుగుతున్న బసవన్న గుర్తొస్తాడు. ఆ ప్రాంతంలోనే, జుర్రేరు లోయలో, జ్వాలాపురం అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మానవజాతి చరిత్ర మీద జరుగుతున్న ఒక పెద్ద వాదానికి ఆ ఊరి మట్టి ముఖ్యమైన సాక్షి. ఆ సాక్షిని మనం ఎలా చూసుకుంటున్నాం అన్నదే ఈ వ్యాసంలో నేను ఎత్తదలచుకున్న ప్రశ్న.

పేలింది ఎక్కడ, పడింది ఎక్కడ

టోబా ఇండొనేషియాలోని సుమత్రా ద్వీపంలో ఉంది. పేలుడు జరిగిన చోట ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు ఉన్న సరస్సు ఉంది. గడిచిన 20 లక్షల ఏళ్ళలో భూమి మీద ఇంతకు మించిన పేలుడు జరగలేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. గట్టి రాయిగా లెక్కగడితే సుమారు 2,800 ఘన కిలోమీటర్ల పదార్థం బయటికి వచ్చిందని ఒక అంచనా.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే రెండు పోలికలు చూడండి. 1815లో అదే ఇండొనేషియాలో టంబోరా పేలింది. మరుసటి ఏడాది ఇక్కడ న్యూ ఇంగ్లండు రాష్ట్రాలలో జూన్ నెలలో మంచు కురిసి పంటలు పోయాయి. 1816ని వేసవి లేని సంవత్సరం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో పేలితే భూగోళం మొత్తం మీద సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ సెల్సియస్ వరకు తగ్గింది. టోబా ముందు టంబోరాయే చిన్నది, పినటూబో సంగతి చెప్పనే అక్కరలేదు.

ఆ బూడిద గాలివాటున పడమటికి కొట్టుకొచ్చింది. బంగాళాఖాతం అడుగున ఉంది, అరేబియా సముద్రం అడుగున ఉంది, భారతదేశంలో నదీలోయల్లో ఉంది. సుమత్రా నుంచి జ్వాలాపురానికి 2,600 కిలోమీటర్లకు పైనే దూరం. అయినా అక్కడ ఒకచోట బూడిద పొర మందం రెండున్నర మీటర్లు! ఆకాశంనుంచి అంతా ఒక్కసారే పడిందని అనుకోకూడదు. మొదట పడింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టూ గుట్టల మీద పడిన బూడిదను తరవాత వానలు కడిగి లోయలోకి తెచ్చి పోశాయి. లోయ గిన్నెలాగా పట్టుకుంది.

అది మన పొయ్యిలోని బూడిద లాంటిది కాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కొక్క రేణువూ పదునైన గాజు ముక్క. ఒక్కొక్క అగ్నిపర్వతం గాజుకి ఒక్కొక్క రసాయన ముద్ర ఉంటుంది, మన వేలిముద్రల్లాగా. ఆ ముద్రను బట్టే కర్నూలు బూడిద టోబాదేనని తేల్చారు.

ఎముకలు చెప్పనిది మట్టి చెబుతుంది

ఆదిమానవుల గురించి వార్త వచ్చినప్పుడల్లా పుర్రె బొమ్మ వేస్తారు. ఎముక దొరికితే అది ఎవరిదో కొంతవరకు చెప్పవచ్చు. కాని ఆ మనిషి ఎందుకు అలా మారాడు, ఏం తిన్నాడు, ఎండకి ఎక్కడ తలదాచుకున్నాడు, కరువొస్తే ఏ దారి పట్టాడు? వీటికి జవాబు కావాలంటే ఆనాటి చెట్టూ చేమా, వానా ఎండా, ఏరూ చెరువూ తెలియాలి. అవి ఎముకల్లో కంటె మట్టిలో ఎక్కువగా దొరుకుతాయి.

ఈ సంగతి ఎంత ముఖ్యమైనదో ఒక పాత తగాదా చూస్తే తెలుస్తుంది. దక్షిణాఫ్రికాలో దొరికిన టాంగ్ పుర్రెను 1925లో రేమండ్ డార్ట్ లోకానికి పరిచయం చేశాడు. అడవి పలచబడి గడ్డినేలలు వచ్చాక, బతకడానికి తెలివి అవసరమై మనిషి మనిషయ్యాడన్న ఆలోచన అప్పటినుంచి వేళ్ళూనుకుంది. 2009లో ఇథియోపియాలో దొరికిన 'ఆర్డి' అస్థిపంజరం వివరాలు బయటపెడుతూ టిమ్ వైట్ బృందం ఆ మాట కొట్టిపారేసింది. 44 లక్షల ఏళ్ళ నాటి ఆర్డి రెండు కాళ్ళ మీద నడవగలదు, కాని చెట్లున్న చోటే బతికింది, కాబట్టి నడకకి గడ్డినేల కారణం కాదు అన్నారు. మరుసటి ఏడాదే యూటా విశ్వవిద్యాలయం నుంచి థూర్ సెర్లింగ్, ఆయనతో మరికొందరు అవే మట్టి లెక్కలు తీసుకుని, "మీ అంకెల ప్రకారమే అక్కడ చెట్ల నీడ నాలుగో వంతుకి మించదు, మిగతాది గడ్డే" అన్నారు. అంటే ఎముకల గురించి పేచీ లేదు. పేచీ అంతా ఎముకల చుట్టూ ఉన్న మట్టి గురించే.

వరి, జొన్న, తేనె

మట్టిని చూసి 'ఇక్కడ అడవి ఉండేది, ఇక్కడ గడ్డి ఉండేది' అని ఎలా చెబుతారు? నేను రసాయన శాస్త్రం చదువుకుని, ఇక్కడ ఆహార పదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్నవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన దారిలో చెబుతాను.

గాలిలోని కర్బనంలో అధిక భాగం బరువు 12. నూటికి ఒకటికి కొంచెం పైగా మాత్రం బరువు 13. మొక్కలు గాలినుంచి కర్బనం తీసుకునే పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. వరి, గోధుమ, దాదాపు చెట్లన్నీ ఒక పద్ధతి. వాటిని సి-3 మొక్కలు అంటారు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, వేడి దేశాలలో పెరిగే చాలా గడ్డిరకాలది రెండో పద్ధతి. వాటిని సి-4 మొక్కలు అంటారు. సి-3 మొక్కలు బరువు కర్బనాన్ని బాగా తక్కువగా తీసుకుంటాయి, సి-4 మొక్కలు అంత వివక్ష చూపించవు. కాబట్టి రెండు కర్బనాల నిష్పత్తి కొలిస్తే అది చెట్టునుంచి వచ్చిందా, గడ్డినుంచి వచ్చిందా అని చెప్పవచ్చు.

మా ప్రయోగశాలలో తేనెను పరీక్షించేది ఈ సూత్రంతోనే. తేనెటీగలు వాలే పువ్వులు చాలావరకు సి-3 మొక్కలవి. చెరకు పాకమో, మొక్కజొన్న పాకమో కలిపితే కర్బనం లెక్క మారి దొంగ బయటపడతాడు. 70,000 ఏళ్ళ నాటి మట్టికి చేసేదీ ఇదే పరీక్ష. మొక్కలు కుళ్ళి, నేలలో ఆ కర్బనం సున్నపు గడ్డల్లో చేరి గట్టిపడుతుంది. ఆ గడ్డను పొడిచేసి యంత్రంలో పెడితే ఆనాడు ఆ నేల మీద చెట్ల పాలెంతో, గడ్డి పాలెంతో తెలుస్తుంది.

ఇంకా సాధనాలున్నాయి. గడ్డి ఆకు చేతిని కోయడానికి కారణం అందులో ఉండే ఇసక పదార్థం. ఆకు కుళ్ళిపోయినా ఆ రేణువులు మట్టిలో వేల ఏళ్ళు ఉంటాయి. వాటి ఆకారం చూసి ఏ జాతి మొక్కో గుర్తుపడతారు. చెరువు అడుగు బురదలోనూ సముద్రం అడుగు మట్టిలోనూ దొరికే పుప్పొడి మరొక సాధనం. నిప్పుకోడి, అంటే ఆస్ట్రిచ్, గుడ్డు పెంకులో ఉండే ఆక్సిజను లెక్క ఆ ఏటి ఎండ తీవ్రతను చెబుతుంది. ఇథియోపియాలో కాపెల్‌మన్ బృందం వాడుకున్నవాటిలో ఇది ముఖ్యమైనది.

మట్టి వయసు తేల్చడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. మట్టిలోని ఇసక రేణువు మీద ఎండ పడినంతసేపూ దాని గడియారం సున్నా దగ్గరే ఉంటుంది. పైన మరో పొర కప్పి చీకటి పడగానే గడియారం నడక మొదలవుతుంది. చుట్టూ ఉన్న మట్టిలోంచి వచ్చే అతి స్వల్పమైన రేడియోధార్మికత ఆ రేణువులో శక్తిని పోగుచేస్తుంది. ప్రయోగశాలలో దాని మీద వెలుగు వేస్తే ఆ శక్తి మెరుపుగా బయటికి వస్తుంది. మెరుపును కొలిస్తే ఎన్నాళ్ళుగా చీకట్లో ఉందో తెలుస్తుంది. ఒక్క షరతు. తీసేటప్పుడు ఆ రేణువుకు వెలుగు తగలకూడదు. అంటే పొర కదలకుండా ఉండాలి. ఒకసారి పార పడి, మట్టి తిరగబడి, ఎండ తగిలిందా, గడియారం మళ్ళీ సున్నా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

వాదం ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది

1992లో మైకేల్ రాంపినో, స్టీఫెన్ సెల్ఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టోబా వల్ల ఏళ్ళ తరబడి 'అగ్నిపర్వత శీతకాలం' వచ్చి ఉంటుందని లెక్కలు వేశారు. 1998లో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ ఆంబ్రోజ్ మరో అడుగు ముందుకేశాడు. మనుషులందరి జన్యువులు ఇంత దగ్గరగా ఉండటానికి కారణం ఒకప్పుడు మనిషి జనాభా కొన్ని వేలకు పడిపోవడమేననీ, అలా పడిపోవడానికి టోబా కారణమనీ వాదించాడు. పత్రికలవాళ్ళకి ఇది పండగ. మానవజాతి అంతరించబోయి తప్పించుకుందట!

2007 జులైలో 'సైన్స్' పత్రికలో జ్వాలాపురం వ్యాసం వచ్చింది. అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యులు రవి కోరిశెట్టర్ మొదలైనవారు రాసినది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, బూడిద పొర పైన కూడా దొరికాయి. రెండూ ఒకే తరహావి. బూడిద మీద పడినా ఆ మనుషులు అంతరించలేదు, ఆ చేతిపని కొనసాగింది అని వాళ్ళు నిర్ధారించారు. నేరుగా బూడిద కింద పడిన ఊళ్ళోనే మనుషులు నిలబడితే ప్రపంచమంతా చావు అంచుదాకా వెళ్ళిందని ఎలా అంటాం?

ఆంబ్రోజ్ ఊరుకోలేదు. 2009లో ఆస్ట్రేలియాకి చెందిన మార్టిన్ విలియమ్స్‌తోనూ మరికొందరితోనూ కలిసి, బంగాళాఖాతం అడుగు మట్టిలోని పుప్పొడినీ, మధ్య భారతంలో బూడిదకు కిందా పైనా ఉన్న సున్నపు గడ్డల కర్బనాన్నీ పరీక్షించి చూపించాడు. బూడిదకు ముందు అక్కడ అడవి, తరవాత పలచటి చెట్లు, గడ్డి. ఆ ఎండు కాలం కనీసం వెయ్యేళ్ళు ఉందని వాళ్ళ లెక్క.

ఆ తరవాత ఆఫ్రికా నుంచి ఒక్కొక్కటిగా సాక్ష్యాలు రావడం మొదలైంది. 2013లో మలావీ సరస్సు అడుగు మట్టిలో, టోబాకి 7,000 కిలోమీటర్ల దూరంలో, కంటికి కనబడని గాజు రేణువులు పట్టుకున్నారు. ఆ పొర దగ్గర చలి వచ్చిన జాడ లేదు. 2018లో దక్షిణాఫ్రికా తీరాన పినకిల్ పాయింట్ గుహల దగ్గర అవే రేణువులు దొరికాయి. అక్కడ మనుషులు చెక్కుచెదరలేదు, పైపెచ్చు ఎక్కువయ్యారు. 2020లో మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలోని ఢాబా అనే చోట 80,000 నుంచి 65,000 ఏళ్ళ మధ్య ఒకే రకం పనిముట్లు తెగకుండా వచ్చాయని క్రిస్ క్లార్క్‌సన్ బృందం చెప్పింది. 2024లో ఇథియోపియా. అక్కడ ఎండలు పెరిగాయి, నది మడుగులుగా విడిపోయింది. మనుషులు ఆ మడుగుల్లో చేపలు పట్టుకుని తినడం పెంచారు. అలా ఎండిన నది వెంట ఒక మడుగునుంచి మరొక మడుగుకి కదిలే అలవాటే మనిషిని ఆఫ్రికా దాటించి ఉండవచ్చని వాళ్ళ ఊహ.

ఈ వరసను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. 'మానవజాతి అంతరించబోయిందా లేదా' అన్న పాత ప్రశ్నకు పదును పోయింది. జన్యు శాస్త్రం కూడా ఆనాటి జనాభా తగ్గుదలను టోబాకే ముడిపెట్టలేకపోయింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు. 'ఈ లోయలో ఏం జరిగింది? ఆ తీరంలో ఏం జరిగింది? చెట్లు పోతే ఏం తిన్నారు, నీళ్ళు పోతే ఎటు నడిచారు?' ప్రపంచానికంతటికీ కలిపి ఒక్క జవాబు ఉండదు. ఒక్కొక్క చోటికీ ఒక్కొక్క జవాబు. అందుకే ఒక్కొక్క చోటి మట్టికీ విలువ పెరిగింది. ఆఫ్రికాలో పడింది కంటికి కనబడనంత బూడిద. దట్టంగా బూడిద పడిన నేల మనది. కష్టం ఎక్కువగా పడినచోట మనిషి ఎలా తట్టుకున్నాడో చెప్పగలిగే స్థలాలు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి మన బనగానపల్లె పక్కన ఉంది.

జ్వాలాపురం ఇంకా చెప్పవలసినవి

జ్వాలాపురం చెప్పినది గొప్పదే, కాని వాదం ముగియలేదు. దానికి రెండు కారణాలు.

మొదటిది వయసు లెక్క. బూడిద కింది మట్టి వయసు 77,000 ఏళ్ళు, అటూ ఇటూ 6,000. పైన ఉన్న మట్టి వయసు 74,000 ఏళ్ళు, అటూ ఇటూ 7,000. సింధు లోయ నగరాలు కట్టిననాటి నుంచి ఈనాటి దాకా గడిచినది 5,000 ఏళ్ళకి లోపే. అంటే 'అటూ ఇటూ' అన్న ఆ మాటలో మన చరిత్ర అంతా ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. బూడిద పడ్డాక జనం అక్కడే ఉన్నారా? లేక ఊరొదిలి పోయి కొన్ని వందల ఏళ్ళకి వాళ్ళ వారసులో, వేరేవాళ్ళో తిరిగి వచ్చారా? ఈ లెక్కలతో రెండూ సాధ్యమే.

రెండోది, ఆ పనిముట్లు చేసినది ఎవరు? ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు. ఆఫ్రికాలో మన జాతి మనుషులు చేసిన పనిముట్లతో పోలికలున్నాయి కాబట్టి వీళ్ళూ మనవాళ్ళేనని పెట్రాగ్లియా బృందం అభిప్రాయం. 2013లో పాల్ మెల్లర్స్, ఆయన సహచరులు దీన్ని ఒప్పుకోలేదు. మన జాతి మనుషులు భారతదేశానికి వచ్చింది టోబా తరవాతేనని, 60,000 ఏళ్ళకి ఇటేనని జన్యువుల ఆధారంగా వాదించారు. అదే నిజమైతే జ్వాలాపురంలో బూడిదను తట్టుకున్నది మన పూర్వీకులు కాదు, అంతకు ముందున్న మరో మానవజాతి. మనం ఈ ఉపఖండానికి ఎప్పుడు వచ్చాం, వచ్చేసరికి ఇక్కడ ఎవరున్నారు అన్న ప్రశ్న చిన్నదేమీ కాదు కదా!

ఈ రెండు చిక్కులూ విడాలంటే మళ్ళీ ఆ మట్టి దగ్గరికే వెళ్ళాలి. ఇంకా మెరుగైన గడియారాలతో, ఇంకా సన్నని జల్లెడలతో. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎముక లేకుండానే, గుహలోని మట్టిలోంచి ప్రాచీన మానవుల డి.ఎన్.ఎ. తీసి చూపించారు. మన వేడి నేలల్లో అది నిలవడం కష్టం. కాని 2007లో ఎవరూ ఊహించని పద్ధతి పదేళ్ళలో వచ్చింది. రేపు మరొకటి రావచ్చు. అది వచ్చేనాటికి పరీక్షించడానికి మట్టి మిగిలి ఉండాలి.

గిన్నెలు తోమిన చరిత్ర

ఇక అసలు సంగతి. గాజు ముక్కల లాంటి బూడిద కాబట్టి అది గిన్నెలు తోమడానికి బాగా పనికొస్తుంది. జుర్రేరు లోయలో ఆ బూడిదను ఏళ్ళ తరబడి తవ్వి, శుభ్రం చేసే పొడుల తయారీకి అమ్ముకున్నారు. ఒక విధంగా పరిశోధకులకు ఆ పొరలు గోడల్లాగా కనబడింది ఆ గోతుల పుణ్యమే. కాని అదే గొయ్యి మరో పది గజాలు జరిగితే గోడే ఉండదు.

ఇందులో రైతునో కూలివాణ్ణో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వానలు లేని సీమలో, పొలం కింద అమ్ముడుపోయే సరుకు ఉంటే అమ్ముకోక ఏం చేస్తాడు? అక్కడ నాపరాయి తవ్వుకుని బతికేవాళ్ళూ ఉన్నారు. 'ఇది 74,000 ఏళ్ళ నాటి సాక్ష్యం, ముట్టుకోకు' అని చెప్పి, దానికి బదులు ఏమీ ఇవ్వకుండా వెళ్ళిపోయేవాళ్ళ మాట ఎవరు వింటారు?

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. "రాతి పనిముట్లు తీసి మ్యూజియంలో పెట్టారు కదా, ఇంకేం కావాలి?" అంటారు. పనిముట్టు ఒక్కటే ఉంటే అది రాయి. అది ఏ పొరలో, ఏ మట్టి మధ్య, ఏ పుప్పొడితో కలిసి దొరికిందో తెలిస్తేనే అది సాక్ష్యం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఇసక గడియారం సంగతి ఇదే. పార పడ్డాక ఆ మట్టిని తెచ్చి మళ్ళీ అదే గొయ్యిలో పోసినా లాభం లేదు. విరిగిన విగ్రహాన్ని అతికించవచ్చు. తిరగబడిన పొరను అతికించలేం.

చట్టం కంటికి ఏం కనబడుతుంది

మన చట్టాలకు కనబడేవి గోపురాలు, కోటలు, శాసనాలు. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం పురాతన స్థలాలను రక్షించడానికి వీలు కల్పిస్తాయి. కాని ప్రభుత్వం ఒక చోటును గుర్తించి ప్రకటిస్తేనే ఆ రక్షణ. మరోవైపు బూడిద, మట్టి, ఇసక లాంటివి చిన్న ఖనిజాల కిందికి వస్తే వాటి లీజులు చూసేది రాష్ట్ర గనుల శాఖ. ఒక శాఖ దృష్టిలో చరిత్ర, మరో శాఖ దృష్టిలో టన్నుల లెక్క.

భూగర్భ విశేషాల విషయానికి వస్తే, తిరుమలలోని శిలాతోరణాన్ని జియలాజికల్ సర్వే వారు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. మంచి పనే. వెళ్ళినవాళ్ళందరూ చూస్తారు, ఫోటో తీసుకుంటారు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు అలాంటి గుర్తింపే ఉన్నా 2024లో వాటి దగ్గర యంత్రాలతో చదును చేస్తున్నారని గొడవ జరిగింది. అందంగా కనబడే దిబ్బల గతే అలా ఉంటే, తెల్లటి పొడిలా కనబడే బూడిద గతి ఏమిటి? 2022 డిసెంబరులో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ భూవారసత్వ స్థలాల రక్షణకు ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది. అలాంటి చట్టం కావాలని శాస్త్రవేత్తలు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు. కాని అధికారమంతా ఒక్క సంస్థ చేతిలోనే పెట్టారని వాళ్ళలోనే కొందరు అభ్యంతరం చెప్పారు. నా మాట ఏమిటంటే, ఏ చట్టం వచ్చినా 'స్మారకం' అన్న మాటకి అర్థం మారాలి. చూడటానికి బాగుండటం కాదు, మళ్ళీ చదవడానికి వీలుండటం కొలమానం కావాలి.

ఇక్కడ అమెరికాలో పరిస్థితి బాగుందని చెప్పను. 2025లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెయ్యికి పైగా గ్రాంట్లను అర్ధాంతరంగా రద్దు చేసింది. బయటివాళ్ళ డబ్బుతో, బయటివాళ్ళ ఆసక్తితో మన లోయలో పరిశోధన ఎప్పటికీ సాగుతుందని ధీమాగా ఉండే రోజులు కావు. బరోడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తెలుగు పరిశోధకుడు దేవర అనిల్‌కుమార్ బృందం ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు కనుక్కున్నట్టు 2024లో వార్త వచ్చింది. ఇథియోపియాలో ఏ పెంకులతో వాతావరణం లెక్కగట్టారో ఆ రకం పెంకులు మన దగ్గరా ఉన్నాయన్నమాట. పని చేయగలవాళ్ళూ ఉన్నారు. కావలసింది ఊతం.

మనం చేయగలిగినవి

మన సంఘాల సభలలో స్వగ్రామాలకు స్వాగత ద్వారాలూ, గుళ్ళకు ప్రాకారాలూ కట్టించడానికి చందాలు పోగవుతూ ఉంటాయి. అవి వద్దని నేను అనను. వాటి పక్కన ఇలాంటివి కూడా పెట్టుకోవచ్చునంటాను.

ఒకటి. జుర్రేరు లోయలో ఒక మంచి బూడిద గోడను ఎంచుకుని, ఆ నేలను యజమాని నుంచి న్యాయమైన ధరకి కొనిగాని, కౌలుకి తీసుకునిగాని, దానికో రేకుల కప్పు, చుట్టూ కంచె, తెలుగులో ఒక బోర్డు. పురావస్తు శాఖ అనుమతితో చేయవలసిన పని. ఒక స్వాగత ద్వారం కట్టించేంత పట్టుదల ఉంటే చాలు.

రెండు. బూడిద తవ్వడం మానినవాడికి అంతకు తగ్గ ఆదాయం చూపించాలి. యాగంటికి యాత్రికులు వస్తూనే ఉంటారు. బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలున్నాయి, 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వించి ప్రాచీన జంతువుల ఎముకలు తీసిన చోటు. బెలుం గుహలున్నాయి. వీటన్నిటినీ కలిపి చూపించే స్థానిక యువకులకు శిక్షణ ఇప్పించవచ్చు.

మూడు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో భూగర్భ శాస్త్రం, పురావస్తు శాస్త్రం చదివే విద్యార్థికి ఏటా ఒక ఉపకార వేతనం. కంప్యూటర్ చదువులకు ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. దీనికి ఇచ్చేవాళ్ళు లేరు.

నాలుగు. ఇది ఖర్చు లేనిది. సెలవులకి వెళ్ళినప్పుడు అలాంటి చోట పనిముట్టులాంటి రాయి కనబడితే జ్ఞాపకంగా తెచ్చుకోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వాటిని దేశం దాటించడం నేరం. అంతకంటె ముఖ్యం, మీ బల్ల మీదికి వచ్చాక అది ఉత్త రాయి.

ఇంటిదగ్గర పిల్లలు 'మనం ఎక్కడివాళ్ళం' అని అడుగుతూ ఉంటారు. ఊరి పేరు చెబుతాం, తాతగారి పేరు చెబుతాం. అంతకంటె వెనక్కి వెళ్ళి చెప్పగలిగినది ఒకటి ఉందనీ, ఆకాశంనుంచి బూడిద కురిసిన నేలలో కూడా మనుషులు బతికారనీ, అదెలాగో ఇంకా పూర్తిగా తేలలేదనీ వాళ్ళకి చెప్పండి. తేల్చే పని వాళ్ళలో ఎవరైనా చేపట్టవచ్చు. ఆ రోజుకి జ్వాలాపురంలో కనీసం ఒక్క గోడ నిలిచి ఉండేలా చూడటం మన తరం పని.